గణపతిదేవుడు, మన ఎండాకాలం

వరంగల్‌లో నాలుగేళ్లు చదివి, వేయి స్తంభాల గుడి ముందు ఫొటో దిగి, కోట తోరణం ముందు ఇంకో ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లం మనలో చాలామంది. రుద్రమదేవి అందరికీ తెలుసు, ఆమె మీద సినిమా కూడా వచ్చింది. ప్రతాపరుద్రుడి పేరూ తెలుసు. కానీ అరవై ఏళ్లకు పైగా రాజ్యం చేసి, ఓరుగల్లుని ఓరుగల్లు చేసిన గణపతిదేవుడి గురించి అడిగితే, రుద్రమదేవి తండ్రి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాం. ఈ సంచికకి ఎవరిదైనా జీవితకథ రాయమని క్లబ్బులో అడిగినప్పుడు నేను ఆయన్నే ఎంచుకున్నాను. నేను సివిల్ విద్యార్థిని. నాకు యుద్ధాల కంటే నీళ్ల లెక్కలు కాస్త బాగా అర్థమవుతాయి. గణపతిదేవుడి కథ సగం యుద్ధాలదైతే సగం నీళ్లది.

ముందు మన నేల సంగతి చూద్దాం. గోదావరి మనకి ఉత్తరాన దూరంగా పోతుంది, కృష్ణ దక్షిణాన ఇంకా దూరంగా పోతుంది. మధ్యలో ఉన్న ఈ ఎత్తు ప్రాంతంలో ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. కింద గట్టి రాయి. పడిన వాన లోపలికి దిగేది తక్కువ, వాగుల్లో కొట్టుకుపోయేది ఎక్కువ. ఆ వాన కూడా ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. మిగతా ఎనిమిది నెలలూ ఆ నాలుగు నెలల నీళ్లతోనే బతకాలి. ఇలాంటి చోట రాజధాని పెట్టుకున్న కాకతీయులకి రెండే దారులు. నీళ్లున్న నేల కోసం తూర్పుకి పోయి కృష్ణా గోదావరి డెల్టాలు గెలుచుకోవాలి, లేదా ఉన్న నేల మీదే వాననీళ్లని ఆపుకోవాలి. గణపతిదేవుడి కాలంలో ఈ రెండూ జరిగాయి.

ఆయన బాల్యం మాత్రం మనం ఊహించుకునే రాకుమారుడి బాల్యంలా ఉండదు. పెదనాన్న రుద్రదేవుడు, 1163లో హనుమకొండలో వేయి స్తంభాల గుడి శాసనం వేయించినవాడు. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో ఆయన చనిపోయాడు. తర్వాత గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు గద్దెనెక్కి మూడేళ్లు నిండాయో లేదో, ఆయన కూడా యాదవుల మీదికి వెళ్లి యుద్ధంలోనే పోయాడు. ఆ యుద్ధంలోనే గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కాడు. ఇటు రాజు పోయాడు, అటు వారసుడు పగవాడి బందీ. సామంతులు ఒక్కొక్కరే తల ఎగరేయడం మొదలుపెట్టారు. అక్కడితో కాకతీయుల కథ ముగిసిపోవాల్సింది.

ముగియకుండా ఆపినవాడు రేచర్ల రుద్రుడు. కాకతీయ సేనాని. రాజు లేని రాజ్యాన్ని తన సొంతం చేసుకునే వీలు ఆయనకి ఉంది. చరిత్రలో అలా చేసినవాళ్లూ బోలెడుమంది ఉన్నారు. ఈయన మాత్రం తిరుగుబాట్లు అణిచి, గద్దెని ఖాళీగా కాపాడి ఉంచాడు. కాకతీయ రాజ్యభారాన్ని మోసినవాడు అనే అర్థం వచ్చే బిరుదు ఆయనకి దక్కింది. కొంతకాలానికి యాదవరాజు జైతుగి గణపతిదేవుణ్ణి విడిచిపెట్టాడు. యాదవుల శాసనాలు దీన్ని తమ రాజు దయగా చెప్పుకుంటాయి. దయో, రాజకీయమో, మొత్తానికి 1199 నాటికి గణపతిదేవుడు తిరిగొచ్చి రాజ్యం చేపట్టాడు. వచ్చేసరికి గద్దె ఎవరూ ఎక్కకుండా ఆయన కోసం వేచి ఉంది.

ఆ తర్వాత ఆయన నడిపిన రాజ్యం చూస్తే, మనుషుల్ని నమ్మి పని అప్పగించడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ. కానీ ఊహకి ఆధారాలున్నాయి. తూర్పు తీరంలో వెలనాటి పాలకుల్ని ఓడించి, కృష్ణా డెల్టాలోని దివిసీమ దాకా వెళ్లాడు. అక్కడ గెలిచిన అయ్య వంశంవాళ్లని తుడిచిపెట్టలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపని వెంట తీసుకొచ్చి, ఏనుగుల సేనకి అధిపతిని చేశాడు. ఆ జాయపే తర్వాత నాట్యశాస్త్రం మీద నృత్తరత్నావళి రాశాడు. ఓడిన ఇంటి కుర్రాడు గెలిచిన రాజు దగ్గర సేనాపతీ, శాస్త్రకారుడూ అయ్యాడు. కూతురు గణపాంబని ధరణికోటని ఏలిన కోట వంశానికి ఇచ్చాడు. రుద్రమని నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రుడికి ఇచ్చాడు. కత్తి ఎంత దూరం వెళ్లిందో చుట్టరికం కూడా అంత దూరం వెళ్లింది.

1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఇంకో ఉదాహరణ. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చిన్న ఊరు, అప్పట్లో పెద్ద రేవు. తుఫానులో చిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి ఎత్తేశాడు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాయి మీద చెక్కించి మాటిచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు అని కూడా తేల్చి చెప్పాడు. సముద్రం మీద అన్నీ పోగొట్టుకుని వచ్చినవాడి దగ్గర దోచుకుంటే ఇవాళ లాభం, రేపు ఆ రేవుకి ఎవరూ రారు. దూరం ఆలోచించే మనిషి లెక్క ఇది.

ఇక చెరువుల దగ్గరికి వద్దాం. గణపతిదేవుడు చెరువులు తవ్వించాడు అని మనం సులువుగా అనేస్తాం. శాసనాలు చూస్తే ఆ మాట సగమే నిజం. పాలంపేట దగ్గర రామప్ప గుడి శాసనం 1213 నాటిది. గుడి కట్టించింది రాజు కాదు, రేచర్ల రుద్రుడే. పక్కనున్న రామప్ప చెరువూ ఆ కాలానిదే. నర్సంపేట అవతల అడవిలో ఉన్న పాకాల చెరువు జగదాల ముమ్మడి కట్టించింది, ఆయన గణపతిదేవుడి మంత్రి కుటుంబంవాడు. బయ్యారం చెరువు కట్టించింది రాజుగారి సోదరి మైలాంబ. ఆ చెరువుకి ధర్మకీర్తి సముద్రం అని పేరు. దాని కట్ట దగ్గర వేయించిన శాసనమే కాకతీయుల వంశవృక్షం తెలుసుకోడానికి మనకి పెద్ద ఆధారం. అంటే రాజవంశం చరిత్ర ఒక ఆడమనిషి కట్టించిన చెరువు గట్టు మీద దొరికింది.

మరి రాజు చేసిందేమిటి? సేనానీ, మంత్రీ, చెల్లెలూ, సామంతుడూ చెరువు కట్టించడమే గొప్ప అనుకునే కాలం ఒకటి తెచ్చాడు. యుద్ధంలో గెలిచిన డబ్బు నేలలోకి దిగేలా చేశాడు. నా లెక్కలో స్వయంగా పది చెరువులు కట్టించడం కంటే ఇదే పెద్ద పని.

ఇంజనీరింగు సంగతి కూడా కాస్త చెప్పాలి, మన పత్రిక కదా. పాకాల, రామప్ప, లక్నవరం, మూడూ మ్యాప్‌లో చూడండి. మూడింటికీ గుట్టలే గోడలు. గుట్టకీ గుట్టకీ మధ్య ఉన్న సందుని వెతికి, అక్కడ మాత్రం మట్టికట్ట పోశారు. తక్కువ మట్టి, ఎక్కువ నీళ్లు. ఇవాళ మనం డ్యాం సైట్ ఎంపిక అని ఒక చాప్టర్ చదువుతాం కదా, దాని సారాంశం ఇంతే. కట్ట కింద పొలాలకి నీళ్లు వదలడానికి రాతి తూము. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్టని తెంపకుండా పోవడానికి ఒక పక్కన మత్తడి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ పట్టి కింది చెరువులోకి, అది నిండితే దాని కింది కుంటలోకి. దీన్నే గొలుసుకట్టు అంటారు. పైచెరువు కట్ట తెగితే కింది ఊళ్లన్నీ మునుగుతాయి, పైచెరువులో పూడిక నిండితే కింది ఊళ్లన్నీ ఎండుతాయి. అంటే ఒక ఊరి చెరువు ఆ ఒక్క ఊరిదే కాదు.

ఇక్కడ నేను మన కాలేజీ గ్రౌండ్ సంగతి చెప్పాలి. గణపతిదేవుడి కథలో గ్రౌండ్ ఎందుకు అని అనుకోకండి. పోయిన రెండు వేసవుల్లో మేము కొంతమందిమి సెలవులకి ఊరు వెళ్లకుండా గ్రౌండ్ గడ్డి కాపాడే పనిలో చేరాం. గ్రౌండ్ చూసుకునే పెద్దాయన్ని మేమంతా కాకా అని పిలుస్తాం. కాకా దగ్గర నేర్చుకున్నదాంట్లో మొదటిది, మన గ్రౌండ్‌లో ఉన్నది గరిక అని. వినాయకచవితికి కోసుకొచ్చే గరికే. ఇంగ్లీషులో బెర్ముడా గ్రాస్ అంటారు. వేడి దేశాల గోల్ఫ్ మైదానాల్లో పరిచేది కూడా ఎక్కువగా ఈ గరిక జాతులే. మన చెలక గట్టు మీద అడ్డంగా పెరిగే గడ్డికి అక్కడ లక్షలు పెట్టి పోషణ చేస్తారు.

ఎండాకాలంలో దాన్ని బతికించే పద్ధతి మొదట నాకు తలకిందులుగా అనిపించింది. రోజూ కాసిని నీళ్లు చల్లితే గడ్డి చెడిపోతుందట. నీళ్లు పైపైనే ఉంటే వేరు కూడా పైపైనే ఉండిపోతుంది, రెండు రోజులు నీళ్లు ఆగితే చచ్చిపోతుంది. వారానికి ఒకటి రెండు సార్లే, తెల్లవారుజామున, నేల లోపలి దాకా దిగేలా పెట్టాలి. అప్పుడు వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకూడదు, ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకి మించి కోయకూడదు. ఆకు కాస్త ఎత్తుంటే నేలకి నీడ. మండుటెండల్లో యూరియా వేసి పచ్చగా చేయాలని చూడకూడదు, అది తాగే నీళ్లు పెరుగుతాయి తప్ప బలం పెరగదు. గుంటలు పడ్డచోట ఇసుక, ఎరువు కలిపి పలచగా పరచాలి. మేలో బోరు తగ్గిపోతే గడ్డి గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు కంగారుపడక్కర్లేదు. పైన ఎండినా గరిక వేరు నిద్రలో ఉంటుంది, తొలి వానకి లేస్తుంది. ఆ నిద్రలో ఉన్నప్పుడు దాని మీద తొక్కుడు తగ్గించాలి, అంతే.

ఒకరోజు కూర్చుని లెక్క కట్టాను. ఒక హెక్టారు గ్రౌండ్‌కి ఒక్కసారి 25 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలంటే రెండున్నర లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే యాభై. ఒక్క తడికి, ఒక్క గ్రౌండ్‌కి. ఇప్పుడు పాకాల తీసుకోండి. నిండినప్పుడు దాని వైశాల్యం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు అంటారు. సగటున ఒక్క మీటరు లోతే అనుకున్నా, అది మూడు కోట్ల ఘనపు మీటర్లు, అంటే అరవై లక్షల ట్యాంకర్లు. కరెంటు లేదు, మోటారు లేదు, డీజిలు లేదు. వాలు చూసి కట్టారు, నీళ్లు వాటంతటవే వచ్చి నిలిచాయి, వాటంతటవే పొలానికి పారాయి. ఈ లెక్క వేశాక నాకు గణపతిదేవుడి కాలం మీద గౌరవం పాఠ్యపుస్తకంలోంచి బయటికొచ్చింది. చెరువు చేసే పనీ కాకా చేసే పనీ ఒకటే. నీళ్లు ఉన్నప్పుడు లోతుగా దాచుకోవడం, లేనప్పుడు ఆ లోతు మీద బతకడం. చెరువు నిండితే కట్ట కింద బావుల్లో కూడా నీళ్లు పైకొస్తాయి. మన ఊళ్లలో పెద్దవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

చెరువు కట్టడం ఒక్కసారి పని. నిలబెట్టడం ప్రతి ఏటి పని. అందుకు దశబంధం అని ఒక ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాడికి, బాగుచేసేవాడికి దాని కింద పండే నేలలో పదో వంతు హక్కు. చెరువు బాగుంటేనే ఆ పదో వంతుకి విలువ. కాబట్టి దాన్ని చూసుకోవడం అతని సొంత అవసరం అయిపోతుంది. తూము ఎత్తి దించడానికి, ఏ మడికి ఎంత నీరో చూడటానికి ఊరికి ఒక నీరటి. మా తాతగారి ఊళ్లో నీరటి పని చేసే కుటుంబం నిన్నమొన్నటి దాకా ఉండేది. నీళ్ల పంపకం దగ్గర ఆయన మాటకి ఊరి పెద్దలు కూడా ఎదురు చెప్పేవారు కాదని తాత చెప్పేవాడు.

ఒక్క సంగతి మాత్రం నన్ను బాధపెడుతుంది. శాసనాల్లో కట్టించినవాళ్ల పేర్లున్నాయి, వాళ్ల తాతముత్తాతల పేర్లున్నాయి. మట్టి మోసినవాళ్ల పేర్లు లేవు. కాకతీయుల తర్వాత కాలంలో, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనంలో వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని రాశారు. అక్కడ కనీసం లెక్క ఉంది, పేర్లు అక్కడా లేవు. పాకాల కట్ట మీద నడిచినప్పుడు గణపతిదేవుడితో పాటు వాళ్లనీ తలుచుకోవాలి. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గదు.

ఇక ఆయన చివరి రోజులు. రాజధానిని హనుమకొండ నుంచి ఓరుగల్లుకి మార్చి రాతికోట కట్టించాడు. తర్వాత రుద్రమ దాన్ని ఇంకా ఎత్తు చేసింది. కొడుకులు లేరు. ఆ రోజుల్లో అల్లుడికో, దాయాదికో రాజ్యం అప్పగించేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన కూతుర్ని ఎంచుకున్నాడు. ఆమెని రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో పాలనలో నిలబెట్టాడు. ఇది సామంతులందరికీ నచ్చే నిర్ణయం కాదని ఆయనకి తెలియకుండా ఉండదు. చిన్నప్పుడు వారసుడు లేని గద్దె చుట్టూ ఏం జరుగుతుందో తన జీవితంలోనే చూసినవాడు ఆయన.

ముసలితనంలో పెద్ద దెబ్బ తగిలింది. 1260ల మొదట్లో నెల్లూరు వైపు ముత్తుకూరు దగ్గర పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడి చేతిలో కాకతీయ సేన ఓడిపోయింది. దక్షిణాన సంపాదించిన పట్టు చేజారింది. ఆ తర్వాత గణపతిదేవుడు పాలన మెల్లగా రుద్రమకి వదిలి తప్పుకున్నాడు. బందీగా మొదలైన జీవితం, ఓటమితో ముగిసింది అని చెప్పొచ్చు. కానీ మధ్యలో అరవై ఏళ్లు తెలుగు నేలలో చాలా భాగం ఒక్క గొడుగు కిందికి వచ్చింది.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లుని పట్టుకున్నాయి. కోట పడింది, గుళ్లు పడ్డాయి, వంశం పోయింది. చెరువులు మాత్రం పోలేదు. తర్వాత ఎంతమంది పాలకులు మారినా, ఆ తూముల్లోంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసే పథకం మొదలుపెట్టి దానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది. 2021లో రామప్ప గుడి యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఒక రాజ్యం పేరు పనికొస్తోందంటే, అందులో చెరువుల వాటా కోటల వాటా కంటే ఎక్కువని నా అభిప్రాయం.

అయితే మురిసిపోయి ఊరుకునే కథ కాదిది. 2020 ఆగస్టులో మన నగరం కాలనీలకి కాలనీలే మునిగింది. నీళ్లు వచ్చింది ఎక్కడినుంచో కాదు. గొలుసుకట్టులో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోవాల్సిన నాలాల మీద, చెరువు శిఖంలో మనం ఇళ్లు కట్టుకున్నాం. నీళ్లకి పాతదారి గుర్తుంది, మనకే లేదు. వానాకాలంలో ముంపు, మే వచ్చేసరికి ట్యాంకర్లు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు అనుకుంటాం గానీ, రెండూ ఒకే గొలుసు తెగినందువల్ల వచ్చినవి.

రేపు మనలో కొందరం మున్సిపాలిటీల్లో, నీటిపారుదల శాఖల్లో, రియల్ ఎస్టేట్ కంపెనీల్లో కూర్చుంటాం. ఒక లేఅవుట్ మన టేబుల్ మీదికి వస్తుంది. అందులో ఒక మూల సన్నటి నీలిగీత ఉంటుంది, అది ఒక కుంటకి పోయే కాలువ. దాన్ని చెరిపేస్తే నాలుగు ప్లాట్లు ఎక్కువ పడతాయి. ఆ రోజు సంతకం పెట్టేది రాజు కాదు, మనమే. మోటుపల్లి లెక్క అప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఇవాళ దోచుకుంటే రేపటికి రేవు ఉండదు.

ఈ వేసవిలో వీలైతే పాకాల వెళ్లండి. అందరూ వెళ్లే వానాకాలంలో కాదు, ఏప్రిల్‌లో వెళ్లండి. నీళ్లు దిగి ఉంటాయి. కట్ట వాలు, రాళ్ల పేర్పు, తూము, గుట్టల మధ్య సందు అన్నీ తేటగా కనబడతాయి. సర్వే క్లాసులో నేర్చుకున్నదంతా కళ్లముందు ఉంటుంది. వెనక్కి తిరిగి కట్ట కిందికి చూడండి. చుట్టూ అడవి ఆకు రాల్చి ఉంటుంది, కాలువ గట్టు వెంట మాత్రం గరిక పచ్చగా ఉంటుంది.